బరంపురం నుంచి హైదరాబాద్‌కి విమానం: వైజాగ్ దగ్గరా, భువనేశ్వర్ దగ్గరా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఇల్లు బరంపురంలో. డెబ్బై దాటిన నాన్నగారిని హైదరాబాద్‌లో డాక్టరుకి చూపించాలి, అపాయింట్‌మెంట్ మధ్యాహ్నం రెండు గంటలకి. రాత్రంతా రైల్లో తీసుకెళ్లడం మీకు ఇష్టం లేదు. ఆన్‌లైన్‌లో వెతికితే వైజాగ్–హైదరాబాద్ విమాన దూరం 510 కిలోమీటర్లు, భువనేశ్వర్–హైదరాబాద్ దాదాపు 850 అని కనిపించింది. తక్కువ దూరం కదా అని వైజాగ్ వైపు మొగ్గారు. దాంతోపాటు ఒక అనుమానం: విమానం గంటకి 800 కిలోమీటర్ల పైన పోతుందంటారు, మరి 510 కిలోమీటర్లకి టికెట్‌లో గంటా ఇరవై నిమిషాలు ఎందుకు వేశారు?

నేను చాలాకాలం ఒక ఎయిర్‌లైన్‌లో ఫ్లైట్ డిస్పాచ్ పని చేశాను. ఏ రూట్లో వెళ్లాలి, పైన గాలి ఎలా ఉంది, ఎంత ఇంధనం నింపాలి, ఎన్ని నిమిషాలు పడుతుంది అని లెక్క కట్టి కెప్టెన్‌కి ఇవ్వడమే ఆ పని. మాదీ గంజాం జిల్లాయే కాబట్టి మీరు వెళ్లాల్సిన రోడ్డూ నాకు తెలుసు. ముందు జవాబు చెప్పేస్తాను: మీకు భువనేశ్వరే దగ్గర. ఇంత చిన్న ప్రయాణాల్లో విమాన దూరం చూసి ఎయిర్‌పోర్టు ఎంచుకోకూడదు, ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు దాకా ఉన్న రోడ్డు చూసి ఎంచుకోవాలి.

ఆ 510 ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూద్దాం. వెబ్‌సైట్లు చూపించే విమాన దూరమంటే రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూమి గుండ్రాన్ని లెక్కలో పెట్టి, వాటి మధ్య అతి దగ్గరి దారి ఎంతో కట్టిన అంకె. కాగితం మీద మీరే వేసుకోవచ్చు. ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు. తూర్పు పడమరలుగా ఒక డిగ్రీ మన ప్రాంతంలో కాస్త తగ్గి 106 దగ్గర ఉంటుంది. వైజాగ్ ఎయిర్‌పోర్టు 17.72 ఉత్తరం, 83.22 తూర్పు. శంషాబాద్ 17.24 ఉత్తరం, 78.43 తూర్పు. అంటే పడమరకి 4.8 డిగ్రీలు, దక్షిణానికి అర డిగ్రీ కన్నా తక్కువ. 4.8 ని 106 తో గుణిస్తే 509. దక్షిణం వైపు వచ్చే 53 కిలోమీటర్లని కూడా బళ్లో చదివిన పైథాగరస్ సూత్రంలో పెడితే 512 దగ్గర తేలుతుంది. భువనేశ్వర్‌కి ఇదే లెక్క వేస్తే 850కి కాస్త అటూఇటూగా వస్తుంది. కాబట్టి మీరు చూసిన అంకెలు సరైనవే.

అయితే విమానం ఆ గీత మీదే పోదు. బయలుదేరడానికి ఒక నిర్ణీత మార్గం, దిగడానికి ఇంకో నిర్ణీత మార్గం, మధ్యలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఇచ్చిన రూటు ఉంటాయి. ఇవన్నీ కలిసి 510 కిలోమీటర్ల దారి నలభై యాభై కిలోమీటర్లు పెరగడం మామూలే. వైజాగ్ ఎయిర్‌పోర్టు నౌకాదళం వారి వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో ఉంది, అక్కడి గగనతలం వారి అదుపులోనే ఉంటుంది. వారి విమానాలు ఎగురుతున్నప్పుడు మన విమానం కాసేపు ఆగాల్సి రావచ్చు.

ఇక గంటా ఇరవై నిమిషాల సంగతి. టికెట్ మీద వేసే సమయం గాల్లో ఉండే సమయం కాదు. చక్రాల కింద పెట్టిన దిమ్మలు తీసి విమానం కదిలిన క్షణం నుంచి, అవతలి ఎయిర్‌పోర్టులో మళ్లీ దిమ్మలు పెట్టేదాకా పట్టే సమయం. మా భాషలో దాన్ని బ్లాక్ టైమ్ అంటాం.

వైజాగ్ నుంచి ఎయిర్‌బస్ ఏ320 బయలుదేరింది అనుకుందాం. ట్రాక్టర్‌తో వెనక్కి నెట్టి, ఇంజిన్లు స్టార్ట్ చేసి, రన్‌వే మొదలు దాకా మెల్లగా వెళ్లేసరికి పదీ పన్నెండు నిమిషాలు గడుస్తాయి. అక్కడి రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. ఆ రోజు గాలిని బట్టి సముద్రం వైపు ఎగరాల్సి వస్తే ముందు తూర్పుకి లేచి, తర్వాత హైదరాబాద్ వైపు తిరగాలి. పది వేల అడుగుల లోపు ఎంత పెద్ద జెట్ అయినా 250 నాట్లు, అంటే గంటకి 460 కిలోమీటర్ల వేగం దాటకూడదు. ఆ తర్వాతే వేగం అందుకుంటుంది. ముప్ఫై వేల అడుగులు దాటేసరికి ఇరవై నిమిషాల దాకా పడుతుంది, అప్పటికే రెండు వందల కిలోమీటర్ల దరిదాపుల్లో వచ్చేసి ఉంటుంది. ఇక దిగడం చూడండి. ప్రతి వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్లు కావాలని పైలట్లు లెక్క వేసుకుంటారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. ముప్ఫై రెండు వేల అడుగుల నుంచి దిగాలంటే 96 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 178 కిలోమీటర్ల ముందే ముక్కు కిందికి వంచాలి. వేగం తగ్గించుకోవడానికి ఇంకొంచెం కలుపుకోండి. ఎక్కడానికి రెండు వందలు, దిగడానికి రెండు వందలు పోతే 510లో మిగిలింది వంద పైచిలుకు. అంటే మీరు అనుకుంటున్న ఆ 800 పైచిలుకు వేగంతో నిలకడగా పోయేది పది నిమిషాలు, మహా అయితే పావుగంట. మేడ మెట్లన్నీ ఎక్కి, పైన నాలుగడుగులు వేసి, మళ్లీ మెట్లు దిగినట్టు ఉంటుంది ఈ ప్రయాణం.

దిగాక శంషాబాద్‌లో టాక్సీయింగ్‌కి, అంటే రన్‌వే నుంచి ఆగే చోటికి మెల్లగా వెళ్లడానికి, ఇంకో ఐదారు నిమిషాలు. వీటన్నిటి మీదా సంస్థలు కాస్త అదనపు సమయం కూడా కలిపి వేస్తాయి. ఎందుకంటే టికెట్ మీది సమయానికి 15 నిమిషాల లోపు ఆలస్యమైతే విమానం టైముకి నడిచినట్టే లెక్క. ఆ లెక్కలో మంచి పేరు కావాలి కాబట్టి ఎవరూ బిగుతుగా టైము వెయ్యరు.

ఏ రూట్‌కైనా మీరే అంచనా వేసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. జెట్ విమానం పైన నిమిషానికి దాదాపు 14 కిలోమీటర్లు పోతుంది. దూరాన్ని 14తో భాగించి, ఎక్కడం దిగడం కింద అరగంట కలపండి, నేల మీద తిరిగేదానికి ఇంకో పది పదిహేను నిమిషాలు వేసుకోండి. వైజాగ్–హైదరాబాద్‌కి 36, 30, 15 కలిపితే 81 నిమిషాలు, మీ టికెట్‌లో ఉన్న గంటా ఇరవై అదే. భువనేశ్వర్–హైదరాబాద్‌కి 61, 30, 15 కలిపితే 106, అంటే గంటా నలభై ఐదు. ఏటీఆర్ లాంటి ప్రొపెల్లర్ విమానమైతే నిమిషానికి ఎనిమిది కిలోమీటర్లు వేసుకోండి. టికెట్ కొనేటప్పుడు విమానం రకం కూడా రాసి ఉంటుంది, ఒకసారి చూసుకోండి. వైజాగ్ నుంచి ఏటీఆర్ అయితే దాదాపు భువనేశ్వర్ జెట్‌కి పట్టినంత సమయమే పడుతుంది.

ఈ లెక్కలో మీకు అక్కరకొచ్చేది ఒక్కటే. భువనేశ్వర్ నుంచి 340 కిలోమీటర్లు ఎక్కువైనా సమయం పెరిగింది పాతిక నిమిషాలే. ఎక్కడానికీ దిగడానికీ పట్టే టైము రెండు చోట్లా ఒక్కటే. అదనపు దూరమంతా పైన పూర్తి వేగంతో గడిచిపోతుంది.

ఇప్పుడు నేల మీదికి రండి. బరంపురం నుంచి భువనేశ్వర్‌కి రైలు దారి 166 కిలోమీటర్లు, వైజాగ్‌కి 277. రోడ్డూ ఇంచుమించు అలాగే ఉంటుంది. తేడా నూటపది కిలోమీటర్ల దాకా. జాతీయ రహదారి 16 ఎంత బాగున్నా మధ్యలో టీకి ఆగడం, లారీలు, టోల్‌గేట్లు కలిపి అది గంటన్నర నుంచి రెండు గంటలు తింటుంది. గాల్లో పాతిక నిమిషాలు ఆదా చేసుకోవడానికి రోడ్డు మీద రెండు గంటలు ఖర్చు పెట్టినట్టవుతుంది. అందులోనూ నాన్నగారి వయసుకి కారులో కూర్చునే గంటలే కష్టం. ఇంకో సంగతి, భువనేశ్వర్‌కి చిలక సరస్సు పక్కగా బాలుగావ్, ఖుర్దా మీదుగా వస్తే ఊరంతా దాటక్కర్లేకుండానే ఎయిర్‌పోర్టు వస్తుంది. వైజాగ్ ఎయిర్‌పోర్టు ఊరికి మనకి అవతలి పక్కన ఉంది. మధురవాడ మీదుగా ఊళ్లోకి వెళ్తే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు. తప్పనిసరిగా అటే వెళ్లాల్సి వస్తే ఆనందపురం దగ్గర పెందుర్తి రోడ్డు పట్టుకుని వెనక వైపు నుంచి రావడం మంచిది. భోగాపురంలో కట్టిన కొత్త ఎయిర్‌పోర్టు నుంచి విమానం దొరికితే ఊరు దాటే బాధ తప్పుతుంది, అది హైవే పక్కనే, మనకి ఇవతలి వైపే ఉంది. అయినా బరంపురం నుంచి చూస్తే భువనేశ్వరే దగ్గర.

ఇది బరంపురం వాళ్లకి. దక్షిణానికి వస్తున్నకొద్దీ లెక్క తిరగబడుతుంది. ఇచ్ఛాపురం దాటి సోంపేట దగ్గరికొచ్చేసరికి రెండూ సమానమైపోతాయి. పలాస నుంచి అయితే వైజాగే నయం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వాళ్లకి అసలు ఆలోచనే అక్కర్లేదు, వైజాగే. రాయగడ వాళ్లు పార్వతీపురం, విజయనగరం మీదుగా దిగిపోవచ్చు. కోరాపుట్, జైపూర్ వాళ్ల సంగతి కాస్త వేరు. వైజాగ్‌కి గీత గీస్తే జైపూర్ నుంచి 150 కిలోమీటర్ల లోపే. కానీ సుంకి ఘాట్ దిగి, సాలూరు మీదుగా వచ్చే రోడ్డు రెండు వందల పైమాటే. చిన్న ఊళ్లకి విమానాలు నడిపించే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం కింద 2022లో జైపూర్ నుంచి చిన్న విమానాలు మొదలయ్యాయి. తొమ్మిది మంది పట్టే సెస్నా కారవాన్ అది, ఒకటే ఇంజిన్, గంటకి 340 కిలోమీటర్ల వేగం. కొండల మీదుగా తక్కువ ఎత్తులో పోతుంది కాబట్టి మబ్బు పట్టిన రోజున రద్దవ్వొచ్చు. దాన్ని నమ్ముకుని అదే రోజు వైజాగ్‌లో ఇంకో విమానం బుక్ చేసుకోవద్దు. మధ్యలో ఒక రాత్రి ఉండేలా చూసుకోండి.

గాలి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఒకే రూట్లో వెళ్లేటప్పుడు ఒక టైము, వచ్చేటప్పుడు ఒక టైము ఎందుకని చాలామంది అడుగుతారు. మన ప్రాంతంలో ఇది భలే ఉంటుంది. వానాకాలంలో నేల మీద నైరుతి గాలి, అంటే పడమటి వైపు నుంచి వీస్తుంది. కానీ చాలా ఎత్తులో, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, గాలి తూర్పు నుంచి పడమరకి బలంగా వీస్తుంది. మన వాతావరణ శాఖ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం 1950లలో ఈ తూర్పు జెట్ ప్రవాహం గురించి ప్రపంచానికి వివరించారు. దాని అసలు బలం విమానాలు ఎగిరే ఎత్తుకి ఇంకా పైన ఉంటుంది, అయినా మన ఎత్తులో కూడా ఆ తూర్పు గాలి తగులుతుంది. కాబట్టి జులైలో మన వైపు నుంచి హైదరాబాద్ వెళ్లే విమానానికి వెనక నుంచి తోపు దొరుకుతుంది. దిగేచోట చూస్తే నేల మీది గాలి పడమటి నుంచి వస్తోంది కదా, విమానం గాలికి ఎదురుగా దిగాలి కాబట్టి శంషాబాద్ రన్‌వే మీద తూర్పు వైపు నుంచే తిన్నగా వచ్చి దిగిపోతుంది. రెండు విధాలా లాభమే.

చలికాలంలో ఇదంతా తారుమారవుతుంది. పైన పడమటి గాలి ఎదురొస్తుంది. కింద తూర్పు గాలి. అంటే విమానం శంషాబాద్ దాటి పడమరకి వెళ్లి, వెనక్కి తిరిగి దిగాలి. దానికే ఏడెనిమిది నిమిషాలు అదనం. నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి, ఊరు కిందే కనిపిస్తున్నా విమానం దాటి పోతోందని ఆయన టెన్షన్ పడకుండా. గాల్లో చుట్టూ తిప్పినా భయం లేదు. దిగాల్సిన చోట కుదరకపోతే ఇంకో ఎయిర్‌పోర్టుకి వెళ్లేంత ఇంధనం, దాని మీద ఇంకో అరగంట ఎగరడానికి సరిపడేంత లెక్క కట్టి నింపాకే విమానాన్ని పంపిస్తారు.

ఈ గాలి తేడా మన చిన్న రూట్లో నాలుగైదు నిమిషాలే. భువనేశ్వర్–ఢిల్లీ లాంటి 1,275 కిలోమీటర్ల రూట్లో మాత్రం చలికాలంలో ఉత్తర భారతం మీద వీచే పడమటి జెట్ ప్రవాహం వల్ల వెళ్లే టైముకీ వచ్చే టైముకీ పదిహేను ఇరవై నిమిషాల తేడా వచ్చేస్తుంది. గల్ఫ్‌కి వెళ్లే మన కుర్రాళ్లు తికమక పడేది ఇంకో విషయంలో. హైదరాబాద్–దుబాయ్ దాదాపు 2,545 కిలోమీటర్లు, నాలుగు గంటల దాకా ప్రయాణం. దుబాయ్ గడియారం మనకన్నా గంటన్నర వెనక ఉంటుంది, టికెట్‌లో ఎక్కడి టైము అక్కడిదే వేస్తారు. అందువల్ల వెళ్లేటప్పుడు రెండున్నర గంటలే అనిపిస్తుంది, వచ్చేటప్పుడు ఐదు గంటల పైనే అనిపిస్తుంది. ప్రయాణ సమయం అని విడిగా రాసిన అంకె చూడాలి.

ఇక మీ రెండు గంటల అపాయింట్‌మెంట్. వెనక నుంచి లెక్క వేసుకోండి. శంషాబాద్‌లో దిగి, వీల్‌చైర్ మీద బయటికొచ్చి, సామాను తీసుకుని, ఊళ్లో ఆస్పత్రికి చేరడానికి రెండు గంటలు పెట్టుకోండి. అంటే పన్నెండుకి ముందే దిగాలి. పదింటికైనా భువనేశ్వర్‌లో విమానం బయలుదేరాలి. దేశీయ విమానాలకి చాలా సంస్థలు గంట ముందే చెక్-ఇన్ కౌంటర్ మూసేస్తాయి, పెద్దాయనతో కాబట్టి రెండు గంటల ముందు, ఎనిమిదికి అక్కడ ఉండాలి. కారులో మూడున్నర గంటలు. అంటే తెల్లవారుజామున నాలుగున్నరకి బరంపురంలో కదలాలి, మూడున్నరకి నిద్ర లేపాలి. ఎక్కడ ఒక్క గంట ఆలస్యమైనా అపాయింట్‌మెంట్ పోతుంది. నన్నడిగితే ముందు రోజు మధ్యాహ్నం విమానంలో వెళ్లి, ఆస్పత్రికి దగ్గరలో రాత్రి ఉండిపోండి. ఖాళీ కడుపుతో చేయించాల్సిన రక్తపరీక్షలు ఉంటే పొద్దున్నే అయిపోతాయి కూడా. డిసెంబర్, జనవరి నెలల్లో అయితే ఇది తప్పనిసరి. ఆ నెలల్లో తెల్లవారుజామున భువనేశ్వర్‌లో మంచు కమ్మి పొద్దుటి విమానాలు ఆలస్యమయ్యే రోజులుంటాయి.

అక్టోబర్, నవంబర్ నెలల్లో తుపాను హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోవడమే మంచిది. 2014లో హుద్‌హుద్ వైజాగ్ ఎయిర్‌పోర్టుని ఎలా చేసిందో, 2019 మే నెలలో ఫణి భువనేశ్వర్‌ని ఎలా చేసిందో మనవాళ్లకి గుర్తుండే ఉంటుంది.

బ్లాక్ టైమ్ ఇంకో చోట కూడా పనికొస్తుంది. సంస్థ ముందుగా చెప్పకుండా విమానం రద్దు చేస్తే, డబ్బు వాపసో వేరే విమానమో ఇవ్వడంతో పాటు పరిహారం కూడా ఇవ్వాలని విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధన. ఆ పరిహారం బ్లాక్ టైమ్‌ని బట్టే ఉంటుంది. గంట లోపు అయితే 5,000 రూపాయలు, గంట దాటి రెండు గంటల లోపు అయితే 7,500, ఆపైన 10,000. మీ టికెట్ బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపితే అంతకన్నా తక్కువ వస్తే ఆ తక్కువే ఇస్తారు. మీరు చెప్పిన రెండు రూట్లూ 7,500 కిందికే వస్తాయి. వాతావరణం వల్ల రద్దయితే మాత్రం పరిహారం రాదు. రెండు గంటలు అంతకు మించి ఆలస్యమైతే ఈ రూట్లలో తినడానికి, తాగడానికి ఏదైనా ఇవ్వాలి. ఎయిర్‌పోర్టులో అడిగి తీసుకోండి, అది మీ హక్కు.

టికెట్ బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్ కావాలని పెట్టండి, 48 గంటల ముందే చెప్తే ఇబ్బంది ఉండదు. మందులు, డాక్టరు చీటీలు, పాత రిపోర్టులు చెక్-ఇన్ బ్యాగులో పెట్టకుండా చేతి బ్యాగులో ఉంచుకోండి.

తిరుగు ప్రయాణానికి మాత్రం రాత్రి విమానం తీసుకోవద్దు. తొమ్మిదింటికో పదింటికో భువనేశ్వర్‌లో దిగితే అర్ధరాత్రి హైవే మీద కారు ప్రయాణం తప్పదు. పొద్దుటి విమానం పట్టుకుంటే భువనేశ్వర్‌లో భోజనం చేసి, పగటి రైలెక్కి సాయంత్రానికి బరంపురం స్టేషన్లో దిగొచ్చు. మెయిన్ లైన్ కాబట్టి రైళ్లకి కొదవ లేదు, 166 కిలోమీటర్లు ఆయన కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. ఒకవేళ హైదరాబాద్ నుంచి భువనేశ్వర్‌కి ఆ రోజు టికెట్ బాగా ఎక్కువ చూపిస్తే, వైజాగ్‌కి కూడా ఒకసారి చూడండి. వెళ్లిన ఎయిర్‌పోర్టుకే తిరిగి రావాలని ఏమీ లేదు. అక్కడి నుంచి బరంపురానికి రైలు నాలుగైదు గంటలు. శ్రీకాకుళం వైపు బంధువులుంటే ఒక రాత్రి వాళ్లింట్లో ఆగి మర్నాడు రావచ్చు.